ఆరు ఫ్లాపీలు, ఒక పెన్‌డ్రైవ్

మా పాత ల్యాప్‌టాప్‌లో విండోస్ 10 ఓ పొద్దున తెరుచుకోవడం మానేసింది. 2025 అక్టోబర్ 14తో దానికి సపోర్టు ఎలాగూ ముగిసింది. టీపీఎం 2.0 లేదు కాబట్టి విండోస్ 11 ఎక్కదు. "పారేసి కొత్తది కొందాంలే" అన్నారు మావారు. అందులో అమ్మ ఆఖరిసారి వచ్చినప్పటి ఫోటోలున్నాయి.

అమీర్‌పేటలో కోర్సు చేసిన రోజుల్లో, సీడీ నుంచి బూట్ కాని మెషీన్లకి ఎక్స్‌పీ ఎక్కించడానికి ఆరు ఫ్లాపీలు వరసగా పెట్టేదాన్ని. పెళ్లై ఇక్కడికొచ్చాక ఆ పనులన్నీ మావారివైపోయాయి.

ఆయన ల్యాప్‌టాప్‌లో లినక్స్ మింట్ ఐఎస్‌ఓ దించుకుని, రూఫస్‌తో 8 జీబీ పెన్‌డ్రైవ్‌ మీదికి ఎక్కించాను. ఊరికే కాపీ చేస్తే బూట్ కాదు. పెన్‌డ్రైవ్‌లో ఉన్నదంతా చెరిగిపోతుంది కనుక ఖాళీదే తీసుకోండి. పాతదానికి పెట్టి, ఆన్ అవుతుండగా ఎఫ్12 నొక్కితే బూట్ మెనూ వచ్చింది. మింట్ ఇన్‌స్టాల్ చెయ్యకుండానే పెన్‌డ్రైవ్ నుంచి నడుస్తుంది. ముందు అమ్మ ఫోటోలన్నీ వేరే డ్రైవ్‌లోకి తీసుకున్నాను. ఒక్కొక్కటీ తెరిచి చూసుకున్నాకే డిస్క్ చెరపమన్నాను.

ఇప్పుడది వంటింటి గట్టు మీద ఉంటోంది.

"నీకివన్నీ వచ్చా?" అన్నారు మావారు.

"వచ్చండీ. మీరూ మర్చిపోయారు, నేనూ మర్చిపోయాను."