శాస్త్రిగారూ, మా నాయనా

"సార్, మీరు ఈ క్యాంపస్‌లో చదివినవారే గదా, మన సావనీర్‌కు ఏదైనా రాసివ్వండి" అని విద్యార్థి సంఘం పిల్లలు ఇంటికొచ్చి అడిగినప్పుడు, కరువు గురించి రాయమంటారేమో అనుకున్నాను. అనంతపురం వాడు కలం పట్టుకుంటే కరువు తప్ప ఇంకేం రాస్తాడని లోకానికొక నమ్మకం. "మీ ఇష్టం సార్, నచ్చిన సినిమా గురించైనా సరే" అన్నారు వాళ్ళు. నాకు నచ్చిన సినిమా ఒక్కటే. అది 'శంకరాభరణం'. దాని గురించి రాయాలంటే మా నాయన గురించి రాయక తప్పదు. కాబట్టి ఇది సినిమా సమీక్ష కాదని మిత్రులకు ముందే మనవి.

1980లో నేనిక్కడ ఎం.ఏ. చదువుతున్నాను. అప్పటికి మనది శ్రీ కృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం కాలేదు. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం వారి పీజీ కేంద్రంగా ఉండేది. విశ్వవిద్యాలయం అయింది 1981లో. ఊరికి దూరంగా ఎర్రనేల మధ్య నాలుగు భవనాలు, ఒక హాస్టలు, మధ్యాహ్నం పూట ఈడ్చికొట్టే గాలి. సాయంత్రం బస్సెక్కి ఊళ్ళోకి పోయి, సినిమా చూసి రావడమే మాకున్న విలాసం.

ఆ ఏడు ఫిబ్రవరి 2న 'శంకరాభరణం' విడుదలైంది. ఏడిద నాగేశ్వరరావు గారు నిర్మించగా కె. విశ్వనాథ్ గారు తీసిన బొమ్మ. అందులో కథానాయకుడు నెరిసిన జుట్టు శాస్త్రిగారు. ఆ వేషం వేసినాయన జె.వి. సోమయాజులు గారు, ఉద్యోగరీత్యా డిప్యూటీ కలెక్టరు, నాటకాల్లో 'కన్యాశుల్కం' రామప్ప పంతులుగా పేరుపడ్డ మనిషి. మొదటి రోజుల్లో హాళ్ళు పల్చగా ఉండేవనీ, చూసినవాడు చూడనివాడికి చెప్పగా చెప్పగా నిండినాయనీ అంటారు. మా హాస్టల్లోనూ అంతే జరిగింది. మొదట పోయినవాడు వచ్చి ఏమీ మాట్లాడకుండా పడుకున్నాడు. "ఎట్లుందిరా?" అంటే, "పోయి చూడండి" అని గోడవైపు తిరిగినాడు. మరునాడు ఎనిమిది మందిమి పోయినాం.

ఈనాటి పిల్లల కోసం రెండు మాటల్లో కథ చెబుతాను. శంకరశాస్త్రి భార్యను పోగొట్టుకున్న మనిషి. ఒక్కతే కూతురు శారద. సంగీతమే ఊపిరి, కోపం ముక్కుమీదనే. కాలం మారి ఆయన పాట వినేవాళ్ళు కరువవుతారు, ఇంట్లోకి లేమి వస్తుంది. అయినా ఆయన వంగడు. ఆయనను దేవుడిలా కొలిచిన తులసి, తన కొడుకును ఆయన దగ్గర శిష్యుడిగా చేరుస్తుంది. చివరి కచేరీలో పాట మధ్యలోనే ఆయన కూలిపోతే ఆ పిల్లవాడు అందుకుని పూర్తి చేస్తాడు. తన గండపెండేరం ఆ పసివాడి కాలికి తొడిగి శాస్త్రిగారు కన్నుమూస్తారు.

కల్యాణికీ మోహనకూ తేడా తెలియనివాళ్ళం మేము. కచేరీ అంటే మా దృష్టిలో శ్రీరామనవమి పందిట్లో పెద్దవాళ్ళు తల ఊపే కార్యక్రమం. అయినా ఒక్కొక్కరం నాలుగేసి సార్లు చూసినాం. మెస్సులో వంటాయన పప్పు తిరగమోత పెడుతూ వేటూరి పాటలు కూనిరాగం తీసేవాడు. బాలు గారు ఒకప్పుడు మన అనంతపురం ఇంజనీరింగు కాలేజీలో చేరి, జ్వరం వచ్చి చదువు మానుకున్నారని తెలిసి, ఆయన పాట మా సొంత ఆస్తి అయినట్టు మురిసిపోయినాం. ఈ సినిమాతోనే ఆయనకు మొదటి జాతీయ అవార్డు వచ్చింది. వాణీ జయరాం గారికీ, సంగీతం కూర్చిన మహదేవన్ గారికీ వచ్చింది. ఇంక 'శారదా!' అన్న కేక సంగతి చెప్పనక్కర్లేదు. 'సామజవరగమన' పాటలో మనసు ఎటో పోయి కూతురు స్వరం తప్పితే, తండ్రి గద్దించే కేక అది. హాస్టల్లో ఎవడు గట్టిగా రేడియో పెట్టినా పక్క గదిలోంచి "శారదా!" అని వినపడేది. అందరం నవ్వేవాళ్ళం.

ఆ చిరచిరలాడే మనిషిమీద మాకంత ప్రేమ ఎందుకు? పాటలు బాగున్నాయి, నిజమే. కానీ పాటలు బాగున్న సినిమాలు చాలా వచ్చినాయి. నాకు తోచే కారణం ఇది: అట్లాంటి మనిషి మా అందరి ఇళ్ళలోనూ ఒకాయన ఉన్నాడు. ఆయన నోట్లోంచి పాట రాదు, అంతే తేడా.

మా నాయన కళ్యాణదుర్గం అవతల మెట్ట సేద్యగాడు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన కూడా గ్యారంటీ లేని జిల్లా మనది. నైరుతి పశ్చిమ కనుమల చాటున ఆగిపోతుంది, ఈశాన్యం ఇక్కడికి చేరేసరికి నీరసపడుతుంది. ఆ రెంటి మధ్య చెనిక్కాయ విత్తుకుని ఆకాశం చూస్తూ బతికే మనిషికి మాటలు తక్కువే ఉంటాయి. అయినా అమ్మ ఉన్నప్పుడు రాత్రిపూట అరుగుమీద ఇద్దరూ ఏదో ఒకటి చెప్పుకునేవాళ్ళు. 1977లో అమ్మ వారం రోజుల జ్వరంతో పోయింది. నాయన ఏడవగా నేను చూడలేదు. కర్మకాండ అయిన మరునాడే గుంటక తోలుకుని చేనికి పోయినాడు.

ఆ తర్వాత ఆయన నోట్లోంచి వచ్చిందంతా అరుపే. బావి చేంతాడు సరిగా చుట్టలేదని అరుపు. లాంతరు వత్తి ఎక్కువ పెట్టినారని అరుపు. ఎద్దుమీద, కోడిమీద, సంగటి కెలికే మా అక్కమీద. సెలవులకు ఇంటికి పోతే మూడోరోజుకే నాకు హాస్టలు గుర్తొచ్చేది. "ఈయనకు అమ్మ పోయిన బాధే లేదు" అని అక్కతో అన్నాను కూడా. అక్క నా ముఖం చూసి ఊరుకుంది.

1980 మే నెలలో విత్తనాల పని మీద నాయన అనంతపురం వచ్చినాడు. పనయ్యేసరికి చీకటి పడింది, ఊరి బస్సు తప్పిపోయింది. రాత్రంతా ఆయనా నేనూ ఎదురెదురుగా కూర్చుని ఏం మాట్లాడుకోవాలో తెలియక, "నాయనా, సినిమాకు పోదామా?" అన్నాను.

"ఏం సినిమా?"

చెప్పినాను.

"ముసిలోని కతకు దుడ్లిచ్చి పోవల్లనా? ఇంట్లో చూస్తాండేది చాల్లేదా?" అన్నాడు. అన్నాడేగానీ లేచి తువ్వాలు భుజాన వేసుకున్నాడు.

సినిమా నడిచినంతసేపూ ఆయన కదల్లేదు. 'శారదా!' అన్న కేకకు మావాళ్ళలాగా హాల్లో ఎవరో నవ్వినారు. నాయన మాత్రం బెంచీ అంచు పట్టుకున్నాడు. ఇంటర్వెల్‌లో బీడీ కూడా ముట్టించలేదు. హాస్టలు వరండాలో చాప వేస్తే మాట్లాడకుండా పడుకున్నాడు. తెల్లవారుజామున మెలకువ వచ్చి చూస్తే గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

"నిద్ర పట్టలేదా నాయనా?"

చాలాసేపటికి అన్నాడు: "ఆయప్ప బిడ్డమీద అరిచినాడు సూడు... మీయమ్మమీద నేనూ అట్లే అరిచినా. ఊరిబిండిలో ఉప్పు లేదని. తట్ట ఇసిరికొట్టినా. ఆ పొద్దు సందకాడ్నే ఆయమ్మకు జరమొచ్చింది."

నాకు నోట మాట రాలేదు. ఆయన మళ్ళీ అన్నాడు: "ఇంగ లెయ్యలేదు గదా. మంచిమాట అనేదానికి పొద్దు చిక్కలేదు."

అంతే. తువ్వాలు దులుపుకుని, "మొదటి బస్సు ఎన్నింటికిరా?" అన్నాడు. మళ్ళీ అదే గొంతు, అదే విసుగు. కానీ ఆ రోజు నుంచీ ఆ విసుగు నాకు వేరే విధంగా వినపడింది. ఆయన అరిచేది మామీద కాదు, ఆ ఒక్క పూటమీద.

తర్వాత మా పక్క ఊళ్ళో డేరా టాకీసుకు ఆ బొమ్మ వచ్చినప్పుడల్లా నాయన మూడు మైళ్ళు నడిచి పోయేవాడు. నేల టికెట్టు. తోడుగా పోయిన అక్క కొడుకు ఒకసారి నాతో అన్నాడు: "తాత అంతా చూస్తాడు మామా. ఆ 'శారదా' వచ్చే ముందర మాత్రం లేసి బయటికి పోతాడు. అది అయిపోయినాక మళ్ళా వచ్చి కూసుంటాడు." ఎందుకని వాడు అడగలేదు. నేను చెప్పలేదు. 1996లో నాయన పోయినాడు.

2012లో తనికెళ్ళ భరణి గారు శ్రీరమణ గారి కథను 'మిథునం'గా తీసినప్పుడు నేనూ నా భార్యా కలిసి చూసినాం. అందులో అప్పదాసుగా బాలు గారే. ఆయన ముందుగా పోతాడు. మిగిలిన భార్య, ఆయన తన ముందే పోవాలనే దేవుణ్ణి కోరుకున్నానంటుంది, తను లేకపోతే ఆయన బతకలేడని. హాలు బయటికి వచ్చినాక మా ఆవిడ నవ్వుతూ, "నేనూ అదే కోరుకోవాల" అంది. నాకు నాయన గుర్తొచ్చి జవాబు చెప్పలేకపోయినాను. ఆమె కోరిక తీరలేదు. 2021లో ముందుగా తనే పోయింది.

ఇప్పుడు బెంగళూరు నుంచి నా కూతురు రోజూ ఫోన్ చేస్తుంది. "మందులేసుకున్నావా నాన్నా?" అంటే, "నేనేమన్నా పసిపిల్లోణ్ణా?" అని కసురుతాను. పెట్టేసినాక ఆ గొంతు ఎవరిదో నాకే తెలుస్తుంది.

2023 ఫిబ్రవరి 2న విశ్వనాథ్ గారు పోయినారు. 'శంకరాభరణం' విడుదలైన తేదీనే. ఆ వారంలో ఒకరాత్రి టీవీలో ఆ బొమ్మ వేసినారు. ఒక్కణ్ణే కూర్చుని చూస్తున్నాను. 'సామజవరగమన' మొదలైంది. కాసేపటికి చూసుకుంటే నేను వరండాలో నిలబడి ఉన్నాను. ఎప్పుడు లేచి వచ్చినానో తెలియదు. లోపల పాట అయిపోయేదాకా అక్కడే ఉండి, తర్వాత వచ్చి కూర్చుని, కూతురికి ఫోన్ చేసినాను. అప్పటికి రాత్రి పదకొండు. "ఏమైంది నాన్నా?" అని కంగారుపడింది. "ఏం లేదమ్మా, ఊరికే" అన్నాను. ఊరికే ఫోన్ చేయడం నా జీవితంలో అదే మొదటిసారి.

మిత్రులారా, మీరు ఈ సెలవులకు ఇంటికి పోతారు. ఎవరో ఒకాయన చేంతాడు సరిగా చుట్టలేదనో, లైటు ఆర్పలేదనో మీమీద అరుస్తాడు. మూడోరోజుకే హాస్టలు గుర్తొస్తుంది. నాలుగోరోజు కూడా ఉండండి. రాత్రి ఆయన పక్కన ఆ అరుగుమీద కాసేపు కూర్చోండి. ఆయన మాట్లాడకపోయినా ఫరవాలేదు.