రాని బండి కబురు

చచ్చినవాడు తన చావు కబురు తాను చెప్పుకోలేడు. ఇంత తేలిక సంగతి కోసం సాఫ్ట్‌వేర్ పరీక్షల సాధనాలు రాసేవాళ్లు పడే తంటాలు చూస్తే బయటివాళ్లకు నవ్వొస్తుంది.

ప్రోగ్రామ్ సరిగా నడుస్తోందో లేదో చూడటానికి రాసిన టెస్టులన్నిటినీ వరసగా నడిపి, ఏది పాసైందో ఏది ఫెయిలైందో చెప్పేది టెస్ట్ ఫ్రేమ్‌వర్క్. ఫెయిలైన టెస్టుతో పేచీ లేదు. తన తప్పేమిటో అదే చెప్పుకుంటుంది. చిక్కల్లా మిగిలిన రెండు రకాలతోనే. ఒకటి నడుస్తూ నడుస్తూ ఉన్నపళాన కూలిపోతుంది, అది క్రాష్. రెండోది చావదు, పలకదు, అలాగే ఉండిపోతుంది. ఎవరో గడువు పెట్టుకుని కూర్చుని, అది దాటగానే టైమౌట్ అని తేల్చాలి. రెండు చోట్లా కబురు చెప్పాల్సింది బయటివాళ్లే.

గద్వాల స్టేషన్ మాస్టరుకూ, వనపర్తి రోడ్డు స్టేషన్ మాస్టరుకూ ఇది కొత్త పనేం కాదు. వెనక స్టేషనులో బండి బయలుదేరిందని కబురు వచ్చాక ముందు స్టేషన్ మాస్టరు గడియారం చూసుకుంటాడు. మామూలుగా పట్టే సమయం పోను ఇంకో 10 నిమిషాలు గడిచినా ప్రయాణికుల బండి రాకపోతే వెంటనే వెనక స్టేషనుకూ కంట్రోలుకూ చెప్పాలని రైల్వే జనరల్ రూల్స్ చెబుతాయి. ప్రయాణికులు లేని బండికైతే 20 నిమిషాలు. ఇంజను మొరాయించిందో, పట్టాలు తప్పిందో, గొలుసు లాగారో ఆయనకు తెలియదు. తెలియాల్సిన పనీ లేదు. వేళకు రాలేదన్న ఒక్క ముక్క చెబితే చాలు, మిగతా యంత్రాంగం కదులుతుంది.

ఆ నియమంలో నాకు నచ్చేది అన్ని బళ్లకూ ఒకే గడువు పెట్టకపోవడం. వేల టెస్టులకు కలిపి ఒకే అంకె రాసి చేతులు దులుపుకునేవాళ్లే మా వృత్తిలో ఎక్కువ. గడువు మరీ కురచైతే ఆరోగ్యంగా ఉన్న టెస్టు కూడా మెషిన్ మీద రద్దీ ఉన్న రోజున ఫెయిలవుతుంది. నాలుగుసార్లు అలా జరిగాక టైమౌట్ అన్న మాటను ఎవరూ పట్టించుకోరు. మరీ పొడుగైతే రాత్రంతా మెషిన్లు ఊరికే కూర్చుంటాయి. ఇక అసలు గడువే లేని ఎదురుచూపు ఎలా ఉంటుందో నాగర్‌కర్నూల్ వాళ్లను అడగాలి. గద్వాల నుంచి మాచర్లకు రైలు మార్గం కావాలని దశాబ్దాలుగా అడుగుతూనే ఉన్నారు.

స్టేషను దాటిపోయే బండి చివరి పెట్టె మీద ఇదే చివరిదని చెప్పే గుర్తుందో లేదో కూడా చూస్తారు. గుర్తు కనిపించకపోతే, దారిలో పెట్టెలేవైనా తెగి మిగిలిపోయాయేమోనని అనుమానించాలి. ఇంజను వచ్చినంత మాత్రాన బండి వచ్చినట్టు కాదు. 1987లో పెర్ల్ భాషతోపాటు పుట్టిన టెస్ట్ ఎనీథింగ్ ప్రోటోకాల్‌లోనూ ఇదే ఆలోచన. ఎన్ని టెస్టులు నడుస్తాయో ముందే ఒక వరసలో చెప్పేస్తారు. పది అని చెప్పి ఏడుతో ఆగిపోతే, ఆ ఏడూ పాసైనా సరే మొత్తం ఫెయిలే. క్రాషైన టెస్టు లెక్కలోంచే జారిపోయి, మిగిలినవన్నీ పచ్చగా కనిపించే రిపోర్టు కన్నా అసలు రిపోర్టు లేకపోవడమే నయం.

బయట మనిషి లేనప్పుడు లోపలివాడే చివరి మాట చెప్పాలి. 2012లో పైథాన్ 3.3తో వచ్చిన ఫాల్ట్‌హ్యాండ్లర్ అలాంటిది. ప్రోగ్రామ్ కూలుతున్న క్షణంలో మెమరీ ఏ స్థితిలో ఉందో నమ్మలేం కాబట్టి, అది కొత్తగా మెమరీ అడగకుండా, ఎక్కడ కూలిందో నాలుగు ముక్కలు రాసేస్తుంది. విద్యుత్ కేంద్రాల్లో రక్షణ రిలేలను విడిగా బ్యాటరీల మీద నడిపేదీ ఇందుకే. అసలు కరెంటు పోయినా అవి పనిచేయాలి. నాగర్‌కర్నూల్ జిల్లాలోని శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ కేంద్రంలో 2020 ఆగస్టు 20 రాత్రి మంటలు లేచి 9 మంది చనిపోయారు. అప్పుడు అక్కడ బ్యాటరీలు మార్చే పని జరుగుతోందని పత్రికలు రాశాయి. ఆపదలో ఆదుకోవాల్సిన సరంజామాను ముట్టుకునే రోజే అన్నిటికన్నా జాగ్రత్తగా ఉండాల్సిన రోజు.

మరి కబురు చెప్పేవాడు సరిగా చెబుతాడని ఎలా తెలుస్తుంది? చంపి చూడాల్సిందే. ఫాల్ట్‌హ్యాండ్లర్‌కు రాసిన టెస్టులు ఒక పిల్ల ప్రాసెస్‌ను పుట్టించి, కావాలని కూల్చి, అది చివరగా రాసిన మాటలు సరిపోలాయో లేదో చూస్తాయి. గూగుల్ టెస్ట్ అనే ఫ్రేమ్‌వర్క్‌లో ఇలాంటివాటిని మొహమాటం లేకుండా డెత్ టెస్టులనే అంటారు. అక్కడ లెక్క తలకిందులు: లోపలిది చావాలి, చస్తేనే బయటిది పాస్.

చావు ఒక్కటే చూస్తే సరిపోదు. పోయిన టెస్టు పేరు సరిగా వచ్చిందా, లేక నేరం పక్క టెస్టు మీద పడిందా? షెల్ 139 అని చెబితే సిగ్నల్ 11తో కూలిందని, టైమౌట్ కమాండ్ 124 అని చెబితే గడువు దాటిందని అర్థం. రిపోర్టులో ఆ తేడా మిగిలిందా, రెండూ కలిసి ఉత్త ఫెయిల్ అయిపోయాయా? కూలేముందు అది అచ్చువేసిన చివరి వరసలు బఫర్‌లోనే పోయాయా? గడువు దాటిందని చంపిన టెస్టు పుట్టించిన ప్రాసెస్‌లు ఇంకా వెనకాల తిరుగుతున్నాయా? తర్వాతి టెస్టులు నడిచాయా? నిజం క్రాష్ వచ్చిన రాత్రి ఇవన్నీ తెలుసుకుందామంటే ఆలస్యమైనట్టే.

రేపు ఆఫీసుకు వెళ్లగానే మీ టెస్టుల్లో కావాలని కూలేది ఒకటి, కావాలని కదలకుండా కూర్చునేది ఒకటి ఉన్నాయేమో చూడండి. లేకపోతే ముందు ఆ రెండూ రాయండి.