17 కొలతల్లో ఒక గాలపు కర్ర

న్యూజెర్సీలో ఉండే తెలుగువాళ్లింటికి ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తే, తీసుకెళ్లే చోట్లలో వుడ్‌బరీ కామన్ ఒకటి. బ్రాండెడ్ షాపులన్నీ ఒకేచోట ఉండే పెద్ద అవుట్‌లెట్ మాల్ అది. బ్యాగులూ బూట్లూ కొని, పార్కింగ్‌లో పులిహోర డబ్బా విప్పి, తినేసి వెనక్కి వచ్చేస్తాం. ఆ ఊరి పేరు సెంట్రల్ వ్యాలీ అని మనలో చాలామంది పట్టించుకోం. హైరమ్ లెనార్డ్ అనే ఆయన 1881లో తన ఫిషింగ్ రాడ్ల వర్క్‌షాప్‌ని ఆ ఊరికే తెచ్చుకున్నాడని అసలే తెలీదు. పాత రాడ్లు సేకరించేవాళ్ల దగ్గర మాత్రం ఆ ఊరి పేరెత్తి చూడండి, కళ్లు మెరుస్తాయి.

నాకీ సంగతి మా టీమ్‌లోని ఒక సీనియర్ వల్ల తెలిసింది. రిటైర్మెంట్‌కి దగ్గరపడ్డ మనిషి. ఆయన డెస్క్ మీద పెన్సిలంత వెదురు ముక్క ఒకటి ఎప్పుడూ ఉండేది. కొసవైపు నుంచి చూస్తే తేనెపట్టులో గదిలాగా ఆరు పలకలు. ఇదేంటని ఓ రోజు అడిగాను. “ఇది ఒక వెదురు కాదు, ఆరు” అన్నారు. ముప్పై ఏళ్లుగా పాత వెదురు రాడ్లు పోగేస్తున్నారట. “నోటితో చెబితే అర్థం కాదు. ఓ శనివారం రూట్ 17 పట్టుకుని కాట్స్‌కిల్స్ వెళ్లిరా” అన్నారు.

కాట్స్‌కిల్స్ అంటే న్యూయార్క్ సిటీకి వాయవ్యంగా ఉండే కొండల ప్రాంతం. అక్టోబర్‌లో ఆకులు రంగులు మారుతున్నప్పుడు, ఇద్దరు ఫ్రెండ్స్‌తో కలిసి బయల్దేరాను. వాళ్లు ఆకులు చూడ్డానికి, నేను కర్రలు చూడ్డానికి!

ఆరు బద్దలు, ఒక కర్ర

మన దగ్గర గాలం అంటే లెక్క సింపుల్. ఒక వెదురు కర్ర, కొసకి దారం, ముల్లు, ఎర, నీళ్ల మీద తేలడానికి బెండు. కానీ ఫ్లై ఫిషింగ్‌లో ఎర అంటే ఈకలతో కట్టిన చిన్న పురుగు బొమ్మ. దానికి బరువే ఉండదు. బరువు లేనిదాన్ని యాభై అడుగుల అవతలికి ఎలా విసురుతారు? అందుకే అక్కడ దారమే లావుగా, బరువుగా ఉంటుంది. రాడ్ వెనక్కి వంగి, మళ్లీ నిటారుగా అయ్యేటప్పుడు ఆ దారాన్ని ముందుకు తోస్తుంది. అంటే ఆటంతా కర్ర ఎక్కడ ఎంత వంగుతుందన్న దాని మీదే.

వెదురులో బలమంతా పైపొర కిందుండే నారలో ఉంటుంది. లోపలి మెత్తటి భాగం దండగ. 1840ల్లో పెన్సిల్వేనియాలోని ఈస్టన్‌లో శామ్యూల్ ఫిలిప్ అనే తుపాకుల మెకానిక్ (ఆయన వయొలిన్లు కూడా చేసేవాడు) వెదురుని బద్దలుగా చీల్చి, బలమైన వైపు బయటికొచ్చేలా మళ్లీ అతికించాడు. ఆ తర్వాత లెనార్డ్ లాంటివాళ్లు ఆరు బద్దల పద్ధతిని స్థిరపరిచారు. ఒక్కో బద్ద 60 డిగ్రీల త్రికోణం, ఆరూ కలిస్తే 360. ప్రతి బద్దా మొదలు నుంచి కొసకి సన్నబడుతూ పోవాలి. రెండు ముక్కల రాడ్‌కి సాధారణంగా ఒక కొస ఎక్స్‌ట్రా ఇస్తారు కాబట్టి మొత్తం మూడు ముక్కలు, 18 బద్దలు. వాటిని చిత్రిక పట్టేటప్పుడు లెక్క అంగుళంలో వెయ్యో వంతుల్లో ఉంటుంది. మన వెంట్రుక మందం కూడా అంతకంటే ఎక్కువే.

తాళం వేసిన గది

సెంట్రల్ వ్యాలీ ఎగ్జిట్ దగ్గర మాల్‌కి వెళ్లే కార్లు బారులు తీరి ఉన్నాయి. ఈసారి మేం కుడివైపు తిరగలేదు. లెనార్డ్ దగ్గర బద్దల్ని త్రికోణంగా, సన్నబడేలా కోసే ఒక మెషిన్ ఉండేది. దాన్ని తాళం వేసిన గదిలో పెట్టి, నమ్మకస్తుల్ని తప్ప ఎవరినీ లోపలికి రానిచ్చేవాడు కాదని చెబుతారు. మా భాషలో చెప్పాలంటే పక్కా క్లోజ్డ్ సోర్స్!

రహస్యం ఎంత దాచినా మనుషులు బయటికి వెళ్తారుగా. ఆయన దగ్గర పనిచేసిన ఎడ్వర్డ్ పేన్, ఫ్రెడ్ థామస్, యూస్టిస్ ఎడ్వర్డ్స్ తర్వాత తమ సొంత పేర్లతో రాడ్లు చేశారు. పేన్ కొడుకు జిమ్ పేన్ పక్కనే ఉన్న హైలాండ్ మిల్స్‌లో చేసిన రాడ్లకి ఈరోజు వేల డాలర్లు పెడతారు. కార్లో నా ఫ్రెండ్ వెంటనే ఫోన్‌లో రూపాయల్లోకి మార్చి చూసి, “కర్రకా!” అని ఫోన్ పక్కన పడేశాడు.

కలకత్తా పేరు మీద

ఇంకో గంటంపావు వెళ్తే లివింగ్‌స్టన్ మేనర్. విల్లోవీమాక్ అనే చిన్న ఏటి ఒడ్డున కాట్స్‌కిల్ ఫ్లై ఫిషింగ్ సెంటర్ అండ్ మ్యూజియం ఉంది. గాజు పెట్టెల్లో పాత రాడ్లు, రీళ్లు, గోరంత ఫ్లైలు. వెదురు రాడ్లు చేయడం నేర్పే క్లాసులు కూడా ఇక్కడ పెడతారు.

నేను ఇండియా నుంచి అని చెప్పగానే, అక్కడున్న ఒక పెద్దాయన “అయితే మీ ఊరి కర్ర గురించి చెప్పాలి” అని నవ్వారు. నాకు అర్థం కాలేదు. పందొమ్మిదో శతాబ్దంలో చేసిన పాత రాడ్లకి వాడిన వెదురుని ఇక్కడ ‘కలకత్తా కేన్’ అంటారట. ఇండియా నుంచి ఓడల్లో వచ్చేది కాబట్టి ఆ రేవు పేరే కర్రకి అంటుకుంది. దాని మీద అక్కడక్కడా నిప్పుతో కాల్చిన మచ్చలుంటాయి. ఎందుకు కాల్చారన్నదానికి కలెక్టర్లు తలో కథ చెబుతారు గానీ, ఆ మచ్చ కనిపిస్తే చాలు, రాడ్ పాతదని చెప్పే గుర్తుల్లో అదొకటి. కర్ర పేరు, రేవు పేరు మిగిలాయి. దాన్ని అడవిలో నరికి, ఎండబెట్టి, మోసిన మనవాళ్ల గురించి ఆ రాడ్ మీద ఒక్క అక్షరం ఉండదు.

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో కలకత్తా కర్రని పక్కకి నెట్టి ‘టాంకిన్’ వెదురు వచ్చింది. టాంకిన్ అంటే ఉత్తర వియత్నాంకి పాత పేరు. కానీ ఈ వెదురు పెరిగేది చైనాలోని గ్వాంగ్‌డాంగ్‌లో. నిటారుగా, కణుపులు దూరదూరంగా, నార దట్టంగా ఉంటుంది. 1931లో మెక్‌క్లూర్ అనే అమెరికన్ వృక్షశాస్త్రవేత్త దానికి పెట్టిన పేరులో ‘అమాబిలిస్’ అనే మాట ఉంది. లాటిన్‌లో ‘ముద్దొచ్చేది’ అని అర్థం.

ఆ ముద్దు కూడా ఎక్కువకాలం నిలవలేదు. కొరియా యుద్ధం వల్ల 1950 చివర్లో అమెరికా చైనా సరుకుల్ని ఆపేసింది. ఆ నిషేధం 1971 వరకూ నడిచింది. అప్పటికే ఫైబర్‌గ్లాస్ రాడ్లు చవగ్గా దొరుకుతున్నాయి. 1970ల్లో కార్బన్ రాడ్లొచ్చాయి. వెదురు చేసేవాళ్లు ఒక్కొక్కరే దుకాణాలు మూసేశారు. చాలా ఇళ్లల్లో తాతగారి రాడ్ అటకెక్కింది.

కొనేముందు ఏం చూస్తారు?

అటక మీది ఆ రాడ్ల కోసమే ఇప్పుడు కలెక్టర్ల వేట. గ్యారేజ్ సేల్స్, పాత సామాన్ల షాపులు, వేలంపాటలు. మా సీనియర్ ముందే నాకో చిన్న పాఠం చెప్పారు.

మొదట ముక్కలన్నీ పక్కపక్కన పెట్టాలి. సాధారణంగా అన్నీ ఒకే పొడవుండాలి. కొస ముక్క రెండంగుళాలు తక్కువుంటే ఎప్పుడో విరిగిందని అర్థం. తర్వాత ఒక కన్ను మూసి, కర్రని తుపాకీలా పట్టుకుని చూడాలి. పెద్ద చేపల్ని లాగి లాగి శాశ్వతంగా వంగిపోయిందేమో తెలుస్తుంది. ముక్కల్ని కలిపే లోహపు గొట్టాల్ని లాగితే ‘టప్’మని శబ్దం రావాలి. వస్తే బిగువు పోలేదన్నమాట. మంచి రాడ్లలో ఆ గొట్టాలు జర్మన్ సిల్వర్‌వి. అవును, మన పెళ్లిళ్లలో రిటర్న్ గిఫ్టులకి చెప్పే పేరే. రాగి, నికెల్, జింక్ కలిసిన లోహం. వెండి చుక్క కూడా ఉండదు.

పట్టుదారపు చుట్లు, వార్నిష్ ఒరిజినల్‌వేనా, ఎవరైనా మళ్లీ పూశారా అన్నది మరో పెద్ద ప్రశ్న. కొత్తగా మెరిపిస్తే విలువ పడిపోవచ్చు. అలాగే వదిలేస్తే ఏట్లోకి తీసుకెళ్లలేం. ఇక్కడే కలెక్టర్లు రెండు పార్టీలుగా చీలిపోతారు. ఎండాకాలం కార్లో మాత్రం వదలకూడదు, పాత జిగురు వేడికి వదిలేస్తుంది. ఆ విషయంలో రెండు పార్టీలదీ ఒకటే మాట.

అన్నీ ఖరీదైనవేం కాదు. సౌత్ బెండ్, మాంటేగ్, హారక్స్-ఇబట్సన్ లాంటి కంపెనీలు ఫ్యాక్టరీల్లో వేలకొద్దీ చేసిన రాడ్లు ఈరోజుకీ వంద డాలర్లకి అటూ ఇటూగా దొరుకుతాయి. మొదలుపెట్టేవాళ్లకి అవే బెస్ట్ అంటారు.

రైల్వే ఇంజినీర్ లెక్క

నన్ను కట్టిపడేసింది మాత్రం ఎవరెట్ గారిసన్ కథ. ఆయన న్యూయార్క్ సెంట్రల్ రైల్‌రోడ్‌లో ఇంజినీర్. బ్రిడ్జిని డిజైన్ చేసినట్టే రాడ్‌నీ లెక్కగట్టాడు. ఫలానా బరువు దారం విసిరితే కొస నుంచి ప్రతి ఐదంగుళాలకీ కర్ర మీద ఎంత ఒత్తిడి పడుతుంది, దానికి ఎంత మందం కావాలి అని స్లైడ్ రూల్‌తో చేసిన లెక్క. జీవితమంతా కలిపి దాదాపు 700 రాడ్లు చేశాడంతే.

ఆయన తాళం వేసుకోలేదు. హోగీ కార్మైకేల్ అనే కుర్రాడికి (ప్రముఖ పాటల రచయిత, అదే పేరున్న హోగీ కార్మైకేల్ కొడుకు) మొత్తం పనిని దగ్గరుండి చూపించాడు. గారిసన్ 1975లో పోయారు. 1977లో ఇద్దరి పేర్లతో పుస్తకం వచ్చింది. పనిముట్లు, లెక్కలు, కొలతలు అన్నీ అందులో ఉన్నాయి. అది చదివి ఎక్కడెక్కడి వాళ్లో గ్యారేజీల్లో వెదురు చీల్చడం మొదలుపెట్టారు. ఆ లెక్కల మీదే తర్వాత హెక్స్‌రాడ్ అనే కంప్యూటర్ ప్రోగ్రామ్ కూడా వచ్చింది.

మరి లెక్కలు రాసిపెట్టకుండా పోయినవాళ్ల సంగతేంటి? కలెక్టర్లు అసలు పనికొచ్చేది ఇక్కడే. పాత పేన్ రాడ్ ఒకటి దొరికితే, మైక్రోమీటర్‌తో ప్రతి ఐదంగుళాలకీ మూడు వైపులా కొలుస్తారు. వార్నిష్ మందం తీసేసి, లెక్క రాసి అందరికీ పంచుతారు. ఏడున్నర అడుగుల రాడ్ అంటే 90 అంగుళాలు. పిడి, రీలు ఉండే పదంగుళాలు వదిలేస్తే 17 కొలతలు. ఒక వాట్సాప్ మెసేజ్‌లో పట్టేస్తాయి! కర్ర ఎలా వంగాలన్న ఆ మనిషి ఆలోచనంతా ఆ 17 కొలతల్లో ఉంటుంది. ఎవరో అటక మీంచి తీసి పొయ్యిలో పెట్టి ఉంటే ఆ 17 కూడా మిగిలేవి కావు. డాక్యుమెంటేషన్ లేని కోడ్‌ని ఏళ్ల తర్వాత రన్ చేసి చూసి అర్థం చేసుకోవడం ఎంత నరకమో నాకు తెలుసు. కనీసం అక్కడ కోడ్ అయినా ఉంటుంది.

వాగులు కలిసేచోట

సాయంత్రానికి రాస్కో చేరాం. ‘ట్రౌట్ టౌన్’ అని గర్వంగా చెప్పుకునే చిన్న ఊరు. బీవర్‌కిల్, విల్లోవీమాక్ ఇక్కడే కలుస్తాయి. ఆ చోటుని జంక్షన్ పూల్ అంటారు. మోకాలి లోతు నీళ్లల్లో నలుగురైదుగురు నిలబడి ఉన్నారు. ఒకావిడ చేతిలో మాత్రం తేనెరంగు వెదురు రాడ్. కార్బన్ రాడ్లు చకచకా కొట్టి ఆగుతుంటే, ఆవిడది నిదానంగా వంగి, ఒక్క క్షణం ఆగి, అప్పుడు దారాన్ని వదులుతోంది. మీరూ వెళ్తే చూడ్డానికి డబ్బులేం అక్కర్లేదు. గాలం వెయ్యాలంటే మాత్రం న్యూయార్క్ స్టేట్ లైసెన్స్ తప్పనిసరి. ఒక్కరోజుది కూడా దొరుకుతుంది.

ఆ రాత్రి కోనసీమలో ఉన్న మావయ్యకి వీడియో కాల్ చేసి ఫొటోలు చూపించాను. “గాలం కర్రకి లక్షలేంట్రా? కాలవగట్టు మీద వెదురు పొద ఉంది, ఎన్ని కావాలో నరుక్కో” అని నవ్వాడు. తర్వాత కాసేపాగి, “నరకడం కాదులే. మేదర తాత ఇచ్చిన కర్ర వేరు” అన్నాడు. బుట్టలు, చేటలు అల్లే ఆ తాతే చుట్టుపక్కల గాలాల వాళ్లకి కర్రలు ఏరి ఇచ్చేవాడట. వెన్నెల రోజుల్లో నరికితే పురుగు పడుతుందని అమావాస్య దాకా ఆగేవాడు. నెలల తరబడి పొయ్యి పైన పొగకి పెట్టేవాడు. గారిసన్ కూడా బద్దల్ని ఓవెన్‌లో వేడి చేసేవాడని చదివినప్పుడు నాకు ఆ పొయ్యే గుర్తొచ్చింది. తాత పోయి ఆరేళ్లయింది. కొడుకు హైదరాబాద్‌లో క్యాబ్ నడుపుతున్నాడు. ఏ కర్ర ఎందుకు ఏరాడో ఎవరూ రాసుకోలేదు.

“ఆయనిచ్చిన కర్ర ఒక్కటైనా ఉందా మావయ్యా?” అని అడిగాను. పశువుల పాకలో చూరుకింద ఒకటి ఉండాలన్నాడు. బొచ్చెలకి వాడేదట. “పారెయ్యకు. ఎండలో పెట్టకు. సంక్రాంతికి వస్తున్నా” అన్నాను. సూట్‌కేసులో మావయ్యకి టార్చిలైటు, అత్తయ్యకి హ్యాండ్‌బ్యాగు, వాటితోపాటు ఒక డిజిటల్ కాలిపర్ సర్దుకుంటున్నాను. కొస నుంచి మొదలుపెట్టి, ప్రతి ఐదంగుళాలకీ కొలుస్తాను.