పొయ్యి దగ్గర లెక్క

ఆడవాళ్లు పొయ్యి దగ్గర చేసిన పనికి లెక్క ఎవరు రాస్తారు చెప్పండి? ఒక్కసారి మాత్రం రాశారు! అమెరికా స్వాతంత్ర్య యుద్ధపు రోజులవి. 1776 జూలై 9న న్యూయార్కు జనం మూడో జార్జి రాజుగారి సీసపు విగ్రహాన్ని కూలదోశారు. ఆ ముక్కలు చాలావరకు లిచ్‌ఫీల్డు ఊళ్లో ఆలివర్ వోల్కాట్ ఇంటికి చేరాయి. అమ్మలూ, పిల్లలూ సీసం కరిగించి, పటకారులాంటి అచ్చుల్లో పోసి 42,088 తూటాలు తీశారు. వోల్కాట్ కాగితాల్లో ఎవరి లెక్క వాళ్లదే: రూత్ మార్విన్ 11,592, పదకొండేళ్ల కూతురు మేరీ ఆన్ 10,790!

సీసం పిల్లల ఒంటికి విషమని ఇవాళ మనకు తెలుసు. ఆ పిల్లకెవరు చెప్పారు, పాపం?

తూటాలు గనక లెక్క మిగిలింది. మరి అదే ఇంట్లో వాళ్లు కాల్చిన రొట్టెలెన్నో? అబ్బే, అవెవరూ రాయలేదు!