త్యాగరాయ నగరం నుంచి త్యాగరాయ కాలేజీ దాకా

మన వాళ్ళు ఏ ఊరి నుంచి మద్రాసు వచ్చినా, సముద్రం చూడటం అయ్యాక అడిగే రెండో మాట టి.నగర్. హోసూరు వాళ్ళయినా అంతే, బరంపురం వాళ్ళయినా అంతే. షోలాపూరులో మగ్గం చప్పుడు వింటూ పెరిగిన మా వదినగారి పుట్టింటివాళ్ళు సైతం ఇక్కడికొచ్చి బట్టలు కొనుక్కువెళ్తారు. 1996లో ఊరి పేరు చెన్నై అయినా మా ఇంట్లో ఇంకా మద్రాసే. సైదాపేటలో కాపురం ఉన్న పాపానికి, వచ్చిన చుట్టాలని దుకాణాల చుట్టూ తిప్పే ఉద్యోగం ముప్ఫై ఏళ్ళుగా నాది.

అందరికీ కొనిపెట్టాను గాని, నాకు కొనుక్కోవడం మాత్రం ఎప్పుడూ కష్టమే. మా పుట్టింటి ఆడవాళ్ళం అందరం భారీ మనుషులం. ఈ నాలుగు మాటలూ మా బోటి వాళ్ళ కోసం. సన్నగా ఉన్నవాళ్ళు కూడా చదవచ్చు. ఇంట్లో ఎవరో ఒకరు మా పార్టీ వాళ్ళు ఉండకపోరు.

మా అక్క కూతురు హోసూరు నుంచి కాలేజీలో చేరడానికి వచ్చింది. పద్దెనిమిదేళ్ళ పిల్ల. చదువులో చురుకు, ఛాతీ కొలత 46 అంగుళాలు. బావగారు నాలుగు వేలు నా చేతిలో పెట్టి, "ఐదు జతలు కొనిపెట్టమ్మా, ఎలా సర్దుతావో నీ ఇష్టం" అని రాత్రి బస్సుకి వెళ్ళిపోయారు. క్లాసులు మొదలవడానికి పన్నెండు రోజులుంది.

సైదాపేటలో లోకల్ రైలెక్కితే మరుసటి స్టేషనే మాంబళం. 2023లో కట్టిన ఆకాశపు నడవ మీదుగా బస్సుస్టాండు దాకా జనంలో పడకుండా పోవచ్చు. కానీ కొనడానికి వచ్చినవాళ్ళు రంగనాథన్ వీధిలోకి దిగక తప్పదు. పిన్నీసులు, ప్లాస్టిక్ బకెట్లు, మల్లెపూలు, ఉప్పు కారం చల్లిన మామిడి ముక్కలు, వాటి మధ్య మనిషి భుజానికి మనిషి భుజం. అటూ ఇటూ అంతస్తుల మీద అంతస్తులు బట్టలే.

మొదటి దుకాణంలో అమ్మాయి మా మొహాలు చూడలేదు. నడుములు చూసింది. "ఉంగ సైజు ఇల్లె అక్కా" అంది. ఇంకా ఏం కావాలో మేము అడగనే లేదు. రెండో దుకాణంలో, "రెండో అంతస్తులో నైటీలున్నాయి, ఫ్రీ సైజు" అన్నారు. "నైటీ వేసుకుని క్లాసుకి వెళ్ళనా పిన్నీ?" అని పిల్ల నవ్వింది. అక్కడిదాకా నవ్వింది. మూడో చోట డబల్ ఎక్సెల్ అని రాసి ఉన్న కుర్తీ ఒకటి దొరికితే తీసుకుని గదిలోకి వెళ్ళింది. ఎంతకీ బయటికి రాదు. తలుపు సందులోంచి, "పిన్నీ, ఒకసారి రా" అని సన్నగా పిలిచింది. వెళ్ళి చూస్తే కుర్తీ దండచేతుల దగ్గర పట్టేసి పైకీ రాదు, కిందకీ రాదు. మెల్లగా లాగుతుంటే చెవిలో అడిగింది: "చిరిగితే డబ్బులు కట్టాలా పిన్నీ?"

అమ్మే పిల్లల మీద నాకు కోపం లేదు. వాళ్ళు పొద్దున్నుంచి రాత్రి దాకా నిలబడి ఉండేవాళ్ళు. ఈ వీధి దుకాణాల్లో పనిచేసేవాళ్ళ బతుకు మీద 2010లో 'అంగాడి తెరు' అని తమిళ సినిమా వచ్చింది. మన రాజోలు అమ్మాయి అంజలి నటించింది, తెలుగులోకి 'షాపింగ్ మాల్' పేరుతో దిగింది. దుకాణాల్లో పనివాళ్ళకి కూర్చునే వసతి ఉండాలని తమిళనాడు ప్రభుత్వం 2021లో చట్టమే చేసింది. కొనడానికి వచ్చిన మోకాళ్ళ నొప్పులవాళ్ళ సంగతి ఆ చట్టంలో లేదనుకోండి.

ఉస్మాన్ రోడ్డు మీదుగా పానగల్ పార్కు దాటి పాండీ బజారుకి వచ్చాం. 2019లో కాలిబాట వెడల్పు చేసి బెంచీలు వేశాక ఇక్కడ నడవడం సుఖంగా ఉంది. భారీ మనుషులకని ప్రత్యేకంగా ఒక వరుస పెట్టిన దుకాణం కనబడితే ప్రాణం లేచి వచ్చింది. కుర్తీ ఒక్కటి పద్నాలుగు వందలు. పక్క వరుసలో మామూలు సైజుది అలాంటి గుడ్డే, అలాంటి కుట్టే, ఆరువందల యాభై. గుడ్డ కాస్త ఎక్కువ పడుతుంది, ఒప్పుకుంటాను. రెట్టింపు పడుతుందా? పైగా రంగులు మూడే: నలుపు, ముదురు నీలం, వక్కపొడి రంగు. లావుగా ఉన్నవాళ్ళకి రంగులు కూడా రేషనే కాబోలు. పిల్ల మాత్రం మామూలు వరుసలో వేలాడుతున్న చిలకాకుపచ్చ కుర్తీ వంకే చూస్తోంది.

ఆ రాత్రి అన్నం దగ్గర, "పిన్నీ, నేను వచ్చే ఏడు చేరతాను. ఈలోగా తగ్గుతాను" అంది. మార్కులు తెచ్చుకుని, సీటు తెచ్చుకుని, బట్టలు దొరకలేదని చదువు మానేస్తానంటున్న పిల్లని మొదటిసారి చూశాను. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

పట్టనిది గుడ్డకి గాని పిల్లకి కాదు గదా! 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క ప్రకారం 15–49 ఏళ్ళ ఆడవాళ్ళలో ఉండవలసిన దానికన్నా బరువున్నవాళ్ళు తమిళనాడులో నూటికి 40 మంది, ఆంధ్రలో 36 మంది, తెలంగాణలో 30 మంది. అంటే మేము ఎక్కడో ఒకరం కాదు. ఇక సైజుల సంగతి. నేను సంచీలో టేపు పెట్టుకుని తిరుగుతాను. ఒకే వీధిలో రెండు డబల్ ఎక్సెల్ కుర్తీలు కొలిస్తే ఒకటి 44, ఒకటి 47 అంగుళాలు. మన దేశపు మనుషుల కొలతలు తీసి మన సొంత సైజుల పట్టీ తయారుచేయాలని నిఫ్ట్ సంస్థ ఆధ్వర్యంలో ఒక సర్వే పెట్టుకున్నారు. ఆరు నగరాల్లో, 15 నుంచి 65 ఏళ్ళ మధ్యవాళ్ళు 25 వేల మందిని కొలవాలని లెక్క. ఆ ఆరింటిలో హైదరాబాదు, బెంగుళూరు ఉన్నాయి. ఇంత బట్టల వ్యాపారం జరిగే మద్రాసు లేదు.

మర్నాడు టి.నగర్ వైపు చూడలేదు. సైదాపేటలో మెట్రో ఎక్కితే మారే పని లేకుండా సర్ త్యాగరాయ కాలేజీ స్టేషను. అక్కడికి దగ్గరే పాత వాషర్‌మన్‌పేట ఎం.సి. రోడ్డు. ఉత్తర మద్రాసు వాళ్ళకి ఇదే టి.నగర్. విచిత్రమేమంటే రెండింటికీ పెద్దదిక్కు ఒక్కరే. టి.నగర్ అంటే త్యాగరాయ నగర్. ఈ కాలేజీదీ ఆయన పేరే. పిట్టి త్యాగరాయ చెట్టిగారు (1852–1925) మన తెలుగు దేవాంగులు, నేతవారి కుటుంబం. ఈ పేట పేరు కూడా బట్టలదే; కుంపిణీ వారి గుడ్డలు ఉతికి చలువచేసేవాళ్ళు ఉన్న చోటు. అసలీ ఊరే బట్ట కోసం పుట్టింది. 1639లో దామెర్ల వేంకటాద్రి నాయకుడి దగ్గర ఇంగ్లీషువాళ్ళు ఈ ఇసకనేల పుచ్చుకున్నది ఇక్కడ గుడ్డ మంచిదీ, చవకదీ దొరుకుతుందనే. 1734లో నేతగాళ్ళని తెచ్చి చింతాద్రిపేట కట్టారు. అలాంటి ఊళ్ళో పద్దెనిమిదేళ్ళ పిల్లకి కుర్తీ దొరకదు!

ఎం.సి. రోడ్డులో తెలుగు మాట్లాడే టోకు వ్యాపారి ఒకాయన అసలు కిటుకు చెప్పారు. "సెట్టు వస్తుందమ్మా. ఎం, ఎల్, ఎక్సెల్, డబల్ ఎక్సెల్, ఒకటొకటి. డబల్ ఎక్సెల్ ఒక్కటే పది ఇవ్వమంటే ఇవ్వరు. సెట్టే కొనాలి. అది ముందురోజే పోతుంది, మిగతావి నెల్లాళ్ళు ఉంటాయి."

"ముందే పోతుందంటే కొనేవాళ్ళు ఎక్కువున్నట్టే కదండీ?" అన్నాను.

"ఉన్నారమ్మా. అందుకేగా పోయింది" అని ఆయన నవ్వారు. పక్కనే పనిచేస్తున్న కటింగు మాస్టరు ఇంకో మాట కలిపాడు. చిన్న సైజు నమూనానే అన్ని వైపులా సమానంగా పెంచుతూ పోతారట. మనిషి లావెక్కితే భుజం ఎముక పెరగదు గదా. అందుకే పెద్ద సైజులు మెడ దగ్గర జారిపోతాయి, దండచేయి దగ్గర మాత్రం బిగిసిపోతాయి. ఇన్నేళ్ళూ నా ఒంటికే ఏదో వంకర ఉందనుకునేదాన్ని.

అక్కడే 44 అంగుళాల పన్నా నూలుగుడ్డ మీటరు 120 రూపాయలకి తీసుకున్నాం. మామూలు కుర్తీకి రెండున్నర మీటర్లు, మా పిల్లకి మూడు. ఐదు కుర్తీలకి 1,800. అందులో ఒకటి చిలకాకుపచ్చ. సాగే గుడ్డ కాబట్టి లెగ్గింగ్సు మాత్రం రెడీమేడే సరిపోయాయి, రెండు 500. కుట్టుకి మా వీధి టైలరమ్మ లైనింగు లేకుండా 300 చొప్పున ఒప్పుకుంది, 1,500. మొత్తం 3,800. పాండీ బజారులో ఈ డబ్బుకి రెండు కుర్తీలు వచ్చేవి.

చీరలు కట్టే నా వయసు వాళ్ళకి రెండు మాటలు చెప్పి ముగిస్తాను. చీరతో వచ్చే జాకెట్టు గుడ్డ 80 సెంటీమీటర్లు. మోచేతి దాకా చేయి పెట్టాలంటే మనకది చాలదు. దాన్ని కత్తిరించకుండా చీరకే ఉంచేయండి, రెండు కుచ్చిళ్ళు అదనంగా వస్తాయి. జాకెట్టుకి మ్యాచింగ్ సెంటరులో రుబియా మీటరుంపావు తీసుకోండి. లోపలి లంగా ఆరు ముక్కలది కాకుండా ఎనిమిది ముక్కలది కుట్టించుకుంటే బస్సు మెట్టు ఎక్కగలం. లోపల కుట్టు అంగుళం వదలమని టైలరుతో ముందే చెప్పాలి. చెప్పకపోతే వాళ్ళు కత్తిరించి పారేస్తారు.

టైలరమ్మ దగ్గర ఆది జాకెట్టు పనిచేయదు. ఆవిడ టేపుతో నిలబెట్టి కొలుస్తుంది. దండచేయి, చంక, తుంటి అన్నీ పుస్తకంలో రాసుకుంది, ఒక్క వ్యాఖ్యానం లేకుండా. పిల్ల మొదట బిగుసుకుని నిలబడింది. పుస్తకం మూసేవేళకి ధైర్యం వచ్చి, "పిన్నీ, వీటికి జేబులు పెట్టించవచ్చా?" అని అడిగింది.

జేబుకి ఇరవై రూపాయలు అదనమంది టైలరమ్మ. ఐదింటికీ పెట్టించాం.