విత్తనం కంటే ముందు బాట (మా వాడ ముచ్చట్లు - 17)

"అన్నా, చదువైనంక పదిమందిమి కలిసి ఊర్ల భూమి పట్టి, మా తిండి మేమే పండించుకుంటం. ఎట్ల మొదలుపెట్టాలె?" మొన్న హాస్టల్ల ఒక తమ్ముడు అడిగిండు.

నాకు అమ్మ యాదికొచ్చింది. అమ్మ పేరు మీద రెండెకరాల అసైన్డ్ పట్టా వచ్చింది. భూమికి పోవాలంటే పక్క పటేల్ చెల్కల నుంచి పోవాలె. ఆయన కంప కొట్టిండు. రెండేండ్లు భూమి పడావు. వాడంతా పోయి తహసీల్ ఆఫీసు ముందు కూసుంటేనే బాట తెరుచుకుంది.

అందుకే తమ్ముడూ, ముందు విత్తనం గురించి కాదు, పట్టా ఎవరి పేరు మీదుందో అడుగు. బాట ఎవరిది? బోరు ఎవరిది? తెలంగాణల 1977 చట్టం కింద అసైన్డ్ భూమి కొంటే చెల్లదు. మనోళ్ల భూమి మనమే కొని గోస పడొద్దు.

తర్వాత గింజలు. 1990లల్ల జహీరాబాద్ దిక్కు దళిత మహిళా సంఘాలు పడావు భూములు బాగుచేసి జొన్న ఏసినయి. తీసుకున్న అప్పు జొన్నల్లనే తీర్చినయి. ఆ జొన్నలు ఊర్లనే దాచి, పేదిండ్లకు తక్కువ ధరకు ఇచ్చినయి. ఎవరు పేదో ఆఫీసర్ కాదు, ఆ అక్కలే తేల్చిండ్రు.

మీ దగ్గర వంట, కలుపు అక్కలకు, లెక్కల బుక్కు అన్నలకు అయితే అది మళ్ల పాత ఊరే. ఆ ఊరి సంగతి బాబాసాహెబ్ 1948లనే రాజ్యాంగ సభల చెప్పిండు.

అమ్మ ఇప్పటికీ పట్టా ట్రంకు పెట్టెల, చీరల కింద దాస్తది. నువ్వు ముందుగాల మీ ఊరి పహాణీ నకలు తీసుకరా. కూసొని చదువుదాం.

జై భీమ్.