హేమంతంలో జఠరాగ్ని

సమిధ అందకపోతే హోమాగ్ని చల్లారుతుంది. హేమంతంలో జఠరాగ్ని అలా చల్లారదు. ఇంధనం లభించనప్పుడు దేహంలోని రసాన్నే దహిస్తుందనీ, అందువల్ల వాతం ప్రకోపిస్తుందనీ చరకసంహిత సూత్రస్థానం 6వ అధ్యాయం చెబుతున్నది.

ధనుర్మాసపు ఉషఃకాలంలో కట్టెపొంగలి పంచుతుంటే, ఉద్యోగినులైన తల్లులు తమ దొన్నె కూడా పిల్లలకే ఇచ్చి, “ఆఫీసులో కాఫీ తాగుతాను స్వామీ” అంటూ త్వరపడతారు. దీనిని త్యాగమనడం నాకు సమ్మతం కాదు. ఆ తల్లికే జ్వరం వస్తే పిల్లలకు పథ్యం వండేదెవరు? నెయ్యి, మిరియాలు, అల్లం, పెసరపప్పు కూడిన ఆ అన్నం స్నిగ్ధం, ఉష్ణం. ఈ ఋతువుకు విహితం. అక్కడే కూర్చొని భుజించండి.

నిత్యాభ్యంగనానికి వ్యవధి లేనివారు శనివారమైనా నువ్వులనూనెతో చేసుకోవాలి. ఆదివారం తైలాభ్యంగనం నిషిద్ధమే. సెలవు ఆనాడే అయితే నూనెలో ఒక పుష్పం వేయడం సంప్రదాయంలో ఉన్న పరిహారం.